పదిహేడో నంబరు ఆర్జియా

మా బొసరీనో ఊళ్ళో కమ్యూనిస్టు అన్నవాళ్ళందరూ ఎప్పుడో ఒకప్పుడు ఆత్మవిమర్శ చేసుకోవాల్సిందే. 1951 జూన్‌లో నా వంతు రావాల్సింది, రాలేదు. నాకంటే ముందు నాలుగు వందల పన్నెండు మంది ఆడవాళ్ళు వరసలో ఉన్నారు, అందులో సగం మంది ముసలమ్మలు. మా వైపు ముసలమ్మ నోరు తెరిచిందంటే మూయించే శక్తి పార్టీకి కూడా లేదు. ఆ సంగతి చెప్పాలంటే ముందు ఆర్జియా గురించి చెప్పాలి. మధ్యలో నవ్వు ఆపుకోలేక ఆగిపోతే ఏమీ అనుకోకండి. ఇరవై నాలుగేళ్ళయినా నాకు ఆ నవ్వు తగ్గలేదు.

ఆర్జియా కాలవ ఒడ్డున కూలికి ఊళ్ళోవాళ్ళ బట్టలు ఉతికేది. ఎత్తైన మనిషి, భుజాలు వెడల్పు, గొంతు ఇంకా వెడల్పు. ఆమె కాలవ దగ్గర పాడితే స్టేషన్‌లో రైలు కోసం చూసేవాళ్ళకి వినపడేది. నేను దర్జీ పని చేసేదాన్ని. చిన్నప్పటి నుంచీ ఇద్దరం ఒకే వీధి, ఒకే బడి. తేడా ఏమిటంటే నేను ఐదో తరగతి దాకా చదివాను, ఆమె రెండు కాగానే బడి మానేసి కాలవకి వెళ్ళింది. నా వేళ్ళు మెత్తగా ఉండాలి, లేకపోతే పట్టుగుడ్డకి పోగులు లేస్తాయి. అందుకని నా బట్టలు కూడా ఆర్జియానే ఉతికేది.

యాభై ఒకటిలో మునిసిపల్ ఎన్నికలొచ్చాయి. మా శాఖ కార్యదర్శి అర్మోదియో ఒకరోజు పొద్దున్నే నా కుట్టుగదికి వచ్చి టోపీ తీశాడు. పక్షపాతం లేకుండా చెప్పాలంటే మంచివాడే, కానీ ఎప్పుడూ వెనక బాండు మేళం వస్తున్నట్టు నడిచేవాడు.

"కామ్రేడ్ ఈరిదె, అభ్యర్థుల జాబితాలో ఇరవై నాలుగు పేర్లుండాలి. ఇరవై మూడు కుదిరాయి. నీ పేరు పెడదామనుకుంటున్నాం" అన్నాడు.

నా ఛాతీ ఉప్పొంగింది. "నేనా? ఎన్నో నంబరు?"

ఆయన కిటికీలోంచి వీధివైపు చూశాడు. "పదిహేడు."

నేను వెంటనే కత్తెర పట్టుకున్నాను. మా దేశంలో పదిహేడంటే అపశకునం, కీడు తగలకుండా ఇనుము ముట్టుకోవాలి కదా. "పదిహేడా? మా మామయ్య పదిహేడో తారీఖున నిచ్చెన ఎక్కాడు, ఎలా దిగాడో మీకు తెలుసు."

"కామ్రేడ్! మనం శాస్త్రాన్ని నమ్మేవాళ్ళం. ఈ మూఢనమ్మకాలు మనకెందుకు?"

"అయితే ఆ నంబరు మీరే తీసుకోండి. నాకు మీ రెండో నంబరు ఇవ్వండి."

అర్మోదియో చెయ్యి చాచి నా కత్తెర కొసని ఒక్కసారి ముట్టుకుని టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. మిగతా ఇరవై ముగ్గురూ కూడా అదే మాట చెప్పారని తర్వాత తెలిసింది. అంతా ధీరులే. తుపాకులకి ఎదురెళ్ళిన వాళ్ళు కూడా ఉన్నారు. పదిహేడంటే మాత్రం ఒక్కడూ ముందుకు రాలేదు.

ఆయన తిన్నగా కాలవ దగ్గరకి వెళ్ళాడు. ఆర్జియా మోకాళ్ళ మీద కూర్చుని దుప్పటి పిండుతోంది. తల ఎత్తకుండానే, "నేను పుట్టిందే పదిహేడో తారీఖు, అదీ శుక్రవారం. ఇంతకన్నా చెడ్డది నాకేం జరుగుతుందయ్యా? రాసుకో" అందట.

రాసుకున్నాడు. అప్పుడే ఇంకో కాగితం మీద కూడా సంతకం పెట్టించుకున్నాడు. అది మా పార్టీ పద్ధతి. గెలవక ముందే ప్రతి అభ్యర్థీ తేదీ వేయని రాజీనామా రాసి కార్యదర్శికి ఇవ్వాలి. పార్టీ వద్దన్న రోజున ఆయన తేదీ వేసుకుంటాడు. మా దేశంలో అప్పటికి విడాకులు లేవు గానీ, మా పార్టీలో పెళ్ళికి ముందే విడాకులుండేవి. ఆర్జియా తడిచేత్తోనే ఆయన ఊదారంగు పెన్సిలు పట్టుకుని సంతకం పెట్టింది. కాగితం మీద బొట్లు పడ్డాయి.

ఇక నా పని మొదలైంది. ఆడవాళ్ళకి ఓటు వచ్చి ఐదేళ్ళే. మా కాలవ వైపు పేటల్లో చాలామందికి పెన్సిలు పట్టుకోవడం కూడా రాదు. వాళ్ళకి ఓటు వేయడం నేర్పే బాధ్యత నాది. మా ప్రజల ఇంట్లో, అంటే మగవాళ్ళు సాయంత్రాలు పేకాడుకునే పార్టీ భవనంలో, ఆరు వారాలు పాఠాలు చెప్పాను. పార్టీ గుర్తు మీద గీత గీయాలి. దాని పక్కన మనకి కావాల్సిన అభ్యర్థుల నంబర్లు వేయాలి. ఏ పేటవాళ్ళు ఏ నంబర్లు వేయాలో పైనుంచి చీటీ వస్తుంది. అందరూ ఒక్కడికే వేసేయకుండా, కావాల్సినవాళ్ళందరూ గెలిచేలా ఓట్లు పంచుతారన్నమాట. ఆ చీటీ ఆఖరి వారం దాకా రాదు. మరి అంతవరకూ ఏ నంబరుతో సాధన చేయించాలి?

"రెండో నంబరు వేయిస్తే మీ సొంత ప్రచారమంటారు, ఎనిమిది వేయిస్తే మిగతావాళ్ళు అలుగుతారు" అన్నాను అర్మోదియోతో.

"పదిహేడు వేయించు. దాన్నెవరూ పట్టించుకోరు" అన్నాడాయన. ఈ మాట ఎవరన్నారో గుర్తుపెట్టుకోండి.

అలా నాలుగు వందల పన్నెండు మందికి పదిహేడు రాయడం నేర్పాను. ఆర్జియా కూడా వాళ్ళలో ఒకతె. అంకె సులువే, ఒక నిలువు కర్ర, పక్కన తలవంచిన కర్ర. కష్టమల్లా పెన్సిలుతోనే. ఓటు పెన్సిలు తడిస్తే ఊదారంగు తేలుతుంది, ఇక చెరిగిపోదు. వద్దు మొర్రో అన్నా వినకుండా ప్రతి ముసలమ్మా దాన్ని నాకేది. వారం తిరిగేసరికి మా కాలవ వైపు ఆడవాళ్ళందరికీ ఊదారంగు నాలుకలు. భర్తలు హడలిపోయి డాక్టరు దగ్గరకి పరిగెత్తారు. అర్మోదియో వాళ్ళమ్మ చెలెస్తె అవ్వ అయితే వీధిలో ఎవరు కనపడినా నాలుక బయటపెట్టి, "చదువుకుంటున్నా" అని చూపించేది.

ఆఖరి వారంలో చీటీ వచ్చింది. మా పేటలవాళ్ళు వేయాల్సినవి రెండు, ఎనిమిది, పదకొండు, ఇరవై. రెండు అర్మోదియో. ఎనిమిది సర్వేయర్ ప్రందీని, చదువుకున్నవాడు, ఊళ్ళో కట్టాల్సినవన్నీ గీసి పెట్టుకున్నవాడు. అందరికీ చీటీలు పంచి, మూడు సాయంత్రాలు తిరగరాయించాను. ఎనిమిది రాయమంటే దారం చిక్కుపడ్డట్టు రాసేవాళ్ళు. నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను.

ఎన్నిక అయింది. పార్టీ గెలిచింది. మర్నాడు ఓట్లు లెక్కపెడుతుంటే మునిసిపల్ గుమాస్తా గొంతు క్రమంగా సన్నబడింది. "పదిహేడు... పదిహేడు... మళ్ళీ పదిహేడు..." అంటూ పోయాడు. మేయరు కావాల్సిన అర్మోదియో తర్వాత ఊళ్ళో అందరికంటే ఎక్కువ ఓట్లు పడ్డది ఆర్జియాకి, నాలుగు వందల పన్నెండు. మా పేటల ఆడవాళ్ళ ఎనిమిదులన్నీ ఎగిరిపోయి సర్వేయర్ ప్రందీని ఇరవై ఒకటో స్థానానికి జారాడు. మా పార్టీ నుంచి సభలోకి వెళ్ళేది ఇరవై మందే.

అర్మోదియో నన్ను గోడవారకి లాగాడు. "ఏం చేశావు ఈరిదె?"

"మీరు చెప్పిందే నేర్పాను. ఆరు వారాలు అదే రాసిన చేతులు, మూడు రోజుల్లో మారతాయా?"

"అయ్యో, అయ్యో" అన్నాడు. నాకూ అదే అనిపించింది. తప్పు నాదేనని మనస్ఫూర్తిగా నమ్మాను.

ఇప్పుడు అసలు చిక్కు చెబుతాను. ఆ ఏడాది మునిసిపాలిటీ ఒక్క పెద్ద పని మాత్రమే చేపట్టగలదు. మొదటి సభలోనే అది తేలాలి. మగవాళ్ళకి సైకిల్ పందేల మైదానం కావాలి. మా ఊళ్ళో మగాళ్ళకి రెండే నమ్మకాలు, విప్లవం, సైకిలు. రెండోదాని మీద నమ్మకం కాస్త ఎక్కువ. ప్రందీని దాని పటం గీసి చుట్టి సంకలో పెట్టుకుని తిరిగేవాడు. ఆడవాళ్ళకి కావాల్సింది కాలవ దగ్గర బట్టలుతకడానికి ఒక చావిడి, పైన కప్పు, వేడినీళ్ళ బానలు. జనవరిలో మంచు పగలగొట్టి ఉతికేవాళ్ళు. జాబితాలో ఉన్న ఆడమనిషి ఆర్జియా ఒక్కతే, ఆమె కుర్చీ పోతే ఆ కప్పు ఊసెత్తేవాడు లేడు.

ఆ సాయంత్రం నేను కాలవ దగ్గరకి వెళ్ళాను. నాకు అటు వెళ్ళే అలవాటు లేదు, చెప్పులకి బురదవుతుంది. ఆర్జియా తిరగేసిన బాన మీద కూర్చుని ఉంది.

"రాజీనామా అడుగుతాడు కదూ?" అంది.

"అడుగుతాడు. ఆదివారం పొద్దున మీటింగు పెడుతున్నాడు. నాలుగింటికి మొదటి సభ. ఈలోపు నీ బదులు ప్రందీనిని ఎక్కించాలని."

"పార్టీ అడిగితే ఇస్తానే. సంతకం పెట్టా కదా." చేతులు ఒళ్ళో తిప్పి చూసుకుంది. ఎర్రగా పగిలి ఉన్నాయి. "కానీ నీకొక్కదానికే చెబుతున్నా, నాకా కుర్చీ కావాలే ఈరిదే. పుట్టినప్పట్నుంచీ మోకాళ్ళ మీదే ఉన్నా. ఒక్కసారి కూర్చుని మాట్లాడాలనుంది. ఆ కప్పు గురించి చెప్పేస్తే చాలు, తర్వాత దింపేసినా సరే."

నేను వంగి చెప్పులకంటిన బురద తుడవడం మొదలుపెట్టాను. ఎందుకో చివర్లో చెబుతాను. అప్పటికి మాత్రం, "చూద్దాంలే" అని గబగబా ఇంటికొచ్చేశాను.

అర్మోదియో కావాలంటే సొరుగులోంచి కాగితం తీసి తేదీ వేసేయొచ్చు. కానీ పైనుంచి నెట్టేశారన్న పేరు రాకూడదు. తప్పు చేసినవాళ్ళే ఒప్పుకుని, వాళ్ళే సరిదిద్దమని కోరాలి. అందుకని ప్రకటన అంటించాడు. "పొరపాటుగా ఓటు వేసిన కామ్రేడ్లు ఆదివారం ఉదయం తొమ్మిదింటికి ప్రజల ఇంట్లో ఆత్మవిమర్శ చేసుకోవలెను. చివరగా కామ్రేడ్ ఈరిదె మాట్లాడును." ఆయన లెక్కలో నలుగురైదుగురు ఆడవాళ్ళొస్తారు, తలొంచుకుంటారు, నేను లేచి తప్పంతా నాదేనంటాను, పదింటికల్లా అయిపోతుంది.

తొమ్మిదింటికి తలుపు తీస్తే నాలుగు వందల పన్నెండు మందీ ఉన్నారు. కుర్చీలు వాళ్ళే తెచ్చుకున్నారు. అల్లికలు తెచ్చుకున్నారు. ఇద్దరు ముగ్గురు కోళ్ళు కూడా తెచ్చుకున్నారు, ఇంట్లో వదిలితే నక్క భయమట. వెనక వంటగదిలో పొయ్యి వెలిగించి, పంది కొవ్వు కాచి, న్యోక్కో వేయించడం మొదలుపెట్టారు. పిండి పలచగా వత్తి ముక్కలు కోసి కొవ్వులో వేస్తే ఉబ్బి పైకి తేలే ఆ వాసన ఉంది చూశారూ, అది తగిలాక ఏ మగాడికీ రాజకీయాలు తలకెక్కవు.

"అందరూ మాట్లాడక్కర్లేదమ్మా, ఒక్కరు చాలు" అన్నాడు అర్మోదియో.

"అదెలా కామ్రేడ్?" అంది ముందు వరసలో ఉన్న మంత్రసాని. "తప్పు చేసింది నేను. నా తప్పు ఇంకొకరెలా చెబుతారు? అది వ్యక్తివాదమవుతుంది."

ఆ మాట ఆమెకి నేర్పింది ఆయనే.

మంత్రసాని నిలబడింది. "కామ్రేడ్స్! నా తప్పుకి మూలం 1908లో ఉంది" అని మొదలుపెట్టింది. 1908లో మొదలైన మనిషి తొమ్మిదీ ముప్పావుకి మొదటి ప్రపంచ యుద్ధం దగ్గరకి చేరింది. అర్మోదియో గడియారం చూసి లేవబోయాడు. ఆమె వేలెత్తి గోడ చూపించింది. గోడ మీద ఎర్ర రంగుతో ఆయన స్వహస్తాలతో రాసిన నియమం ఉంది: "ఆత్మవిమర్శ చేసుకుంటున్న కామ్రేడ్‌కు ఎవరూ అడ్డు తగలరాదు." ఆయన మళ్ళీ కూర్చున్నాడు.

రెండో ఆవిడ వేళ్ళు చాచి చూపించింది. "ముప్పై ఎనిమిదేళ్ళు చన్నీళ్ళలో నానిన వేళ్ళండీ. కర్రలు రాస్తాయి గానీ సున్నాలు చుట్టలేవు. ఈ తప్పు నా వేళ్ళది. వాటిని తీవ్రంగా ఖండిస్తున్నాను" అని, నిజంగానే కుడిచేతిని ఎడమచేత్తో ఒకటి కొట్టింది. సభంతా చప్పట్లు. మూడో ఆవిడ, "నేను తప్పు దిద్దుకోవాలంటే ఎన్నికలు మళ్ళీ పెట్టాలి. ప్రతి ఆదివారం పెడితే ఏడాదికల్లా నేర్చుకుంటా" అంది. నాలుగో ఆవిడ ఆత్మవిమర్శలో సగం వాళ్ళ కోడలి మీద విమర్శే. ఆమెకీ ఎవరూ అడ్డు తగల్లేదు.

మధ్యాహ్నమైంది. ఒంటిగంటయింది. పళ్ళేలు తిరుగుతున్నాయి, ఎర్ర వైన్ నురగలు కక్కుతోంది, కోడి ఒకటి బల్ల మీదికెక్కి సభాధ్యక్షురాలిలా నిలబడింది. కొత్త టోపీ పెట్టుకుని వచ్చిన ప్రందీని ఎనిమిదో న్యోక్కో నోట్లో పెట్టుకుంటూ నవ్వు దాచుకోలేక దగ్గుతున్నాడు. మూడున్నరకి యాభై ఎనిమిది మందే పూర్తయ్యారు. నేను చివరి కుర్చీలో కూర్చుని నా వంతు మాటలు నెమరేసుకుంటూ చెమటలు కక్కుతున్నాను. ఆర్జియా గోడకి ఆనుకుని నిలబడి ఉంది, ఉతికిన ఏప్రన్ కట్టుకుని, చేతులు దానికింద దాచుకుని.

అప్పుడు వంటగదిలోంచి చెలెస్తె అవ్వ గరిటతో బయటికొచ్చింది. "నా వంతు ఇంకా రాలేదు గానీ, పొయ్యి మీద కొవ్వు మాడిపోతోంది, తొందరగా చెప్పి పోతా. ఒరేయ్ అర్మోదియో, ఇలా చూడు."

"అమ్మా, ఇక్కడ నేను కార్యదర్శిని."

"సరే, కార్యదర్శీ, ఇలా చూడరా." ఏప్రన్ జేబులోంచి చీటీ తీసింది. "రెండు, ఎనిమిది, పదకొండు, ఇరవై. నా కళ్ళు బాగానే కనపడతాయి. నిన్ను కన్నదాన్ని, రెండు నీ నంబరని తెలుసు. ఓటు గదిలో దీన్ని రెండుసార్లు చదువుకున్నా. చదువుకునే పదిహేడు రాశా."

ఆయన చీటీ అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అంటే... పొరపాటున కాదా?" అన్నాడు అర్మోదియో.

"ఏం పొరపాటురా? ఆర్జియా లేని పూట చూసి, కాలవ దగ్గర బట్టలుతుకుతూ మూడు వారాల ముందే అనుకున్నాం. ఎవరో ఒకరు కప్పు సంగతి అడగాలి, మీరెవరూ అడగరు, ఎందుకంటే మీ చొక్కాలు వాటంతటవే తెల్లబడతాయనుకుంటారు. నాలుగు వందల మంది ఒకేసారి ఒకే తప్పు చేయాలంటే ఎంత క్రమశిక్షణ కావాలో నీకేం తెలుసు!"

ఇల్లు దద్దరిల్లింది. అల్లికలు ఎగిరాయి, కోళ్ళు ఎగిరాయి, మంత్రసాని కుర్చీ ఎక్కి ఊదారంగు నాలుక బయటపెట్టి ఊపింది. ఆర్జియా నోరు తెరుచుకుని నిలబడిపోయింది. ఆమెకి కూడా ఎవరూ చెప్పలేదు, చెబితే పార్టీతో అబద్ధం ఆడలేక బయటపడిపోతుందని. నాకెందుకు చెప్పలేదని పక్కావిడని గిల్లి అడిగాను. "నీకు చెబితే అర్మోదియోకి చెప్పేస్తావు కదమ్మా. నువ్వు పాఠాలమ్మాయివి. పైగా కాలవకి రావు" అంది, కోపం లేకుండానే.

చెలెస్తె అవ్వ చెయ్యి చాచింది. "ఆ కాగితం ఇటియ్యి."

"ఏ కాగితం?"

"ఆర్జియా సంతకం పెట్టినది. నీ కోటు జేబులో ఉంది, పొద్దున ఇస్త్రీ చేసినప్పుడు చూశా. పళ్ళెంలో పరవడానికి కాగితాలైపోయాయి."

అర్మోదియో ఆ చాచిన చేతినే చూస్తూ ఉండిపోయాడు. నలభై ఏళ్ళుగా ఆ చెయ్యి వండింది తిన్నాడు గానీ దాన్ని ఎప్పుడూ చూడలేదని నాకు తోచింది. వేళ్ళు వంకర్లు పోయి, గోళ్ళ చుట్టూ చర్మం బూడిద నీళ్ళకి తెల్లగా పొట్టు లేచి ఉంది. ఆయన కాగితం తీసి ఇచ్చాడు. ఆమె దాన్ని పళ్ళెంలో పరిచి పైన కణకణలాడే న్యోక్కోలు పోసింది. సంతకం కరిగి ఊదారంగు మరకైంది. "ఉల్లిపాయల ఘాటు" అంటూ అర్మోదియో కళ్ళు తుడుచుకున్నాడు. ఆ వంటలో ఉల్లిపాయ ఒక్కటి కూడా లేదు.

ప్రందీని లేచి సంకలోని పటం విప్పాడు. సైకిల్ మైదానం వైపు ఒకసారి చూసి, తిరగేసి బల్ల మీద పరిచాడు. "ఈ వైపంతా ఖాళీగానే ఉంది కామ్రేడ్ ఆర్జియా. కప్పుకి ఎన్ని స్తంభాలు కావాలో చెప్పండి, మీరు సభకి వెళ్ళేలోపు గీసేస్తా" అన్నాడు. అప్పటికి నాలుగవడానికి ఇంక పావుగంటే ఉంది.

ఆ తర్వాత మా ఊరి వీధిలో జరిగిన పరుగు ఏ సైకిల్ పందెంలోనూ జరగలేదు. ముందు ఆర్జియా, పక్కన నడుస్తూనే పటం మీద గీతలు గీస్తున్న ప్రందీని, వెనక అర్మోదియో, ఆయన వెనక ఊదారంగు నాలుకలతో నాలుగు వందల మంది, వాళ్ళ వెనక కోళ్ళు. నాలుగు కొడుతుండగా ఆమె సభలోకి వెళ్ళి పదిహేడో కుర్చీలో కూర్చుంది. కూర్చుని, మళ్ళీ లేచి, కుర్చీ నిజంగా ఉందా అని వెనక్కి తిరిగి చూసి, మళ్ళీ కూర్చుంది. అలా కూర్చునే మాట్లాడింది. నాలుగు నిమిషాలు. ఏడుపాపుకోవడానికి మధ్యలో ఒకసారి పాటెత్తుకుంది. కప్పు ఇరవై రెండు ఓట్లతో గెలిచింది, అంటే ఎదటి పార్టీ వాళ్ళ భార్యలు కూడా ఇళ్ళల్లో ఏదో ఒకటి చెప్పి పంపించి ఉంటారు.

ఆ హడావిడిలో ఆత్మవిమర్శ యాభై ఎనిమిదో మనిషి దగ్గరే ఆగిపోయింది. నా వంతు రానే లేదు. నేను ఊపిరి పీల్చుకున్నాను.

ఆర్జియా ఆ తర్వాత నాలుగుసార్లు గెలిచింది. ప్రతిసారీ పదిహేడో నంబరే కావాలని అడిగేది, ఆ తర్వాతర్వాత దానికోసం కొట్లాటలు కూడా జరిగాయి. ఉప మేయరయింది. ఎక్కడ ఖాళీ కనపడితే అక్కడ కప్పు వేయించింది. బజారుకి కప్పు, బస్సు ఆగేచోట కప్పు, ఫ్యాక్టరీకి వెళ్ళే తల్లుల కోసం శిశుగృహానికి కప్పు. పదకొండేళ్ళకి సైకిల్ మైదానం కూడా కట్టించింది, దానికీ కప్పు వేసింది, సైకిళ్ళ మీద వాన పడకూడదా అని మగవాళ్ళు మొత్తుకున్నా వినలేదు. రాజధాని నుంచి వచ్చిన పెద్ద నాయకుడొకడు గంటన్నర ఉపన్యాసం ఇస్తుంటే, "కామ్రేడ్, దీనికి పైకప్పు ఎక్కడొస్తుంది?" అని అడిగిన ఘనత ఆమెదే.

మొన్న జూన్‌లో, యాభై తొమ్మిదేళ్ళ వయసులో, ఇక చాలంటూ కుర్చీ వదిలేసింది. వీడ్కోలు విందు ఆ ఉతుకుడు చావిట్లోనే పెట్టాం. ఇప్పుడెవరూ అక్కడ ఉతకరు, అందరిళ్ళల్లోనూ మిషన్లున్నాయి. పండగలకి అక్కడ వండుతాం, డాన్సు చేస్తాం. బల్లలన్నీ నిండిపోయాయి. మంత్రసానికి తొంభై రెండు, ఇంకా 1908 దగ్గరే ఉంది. చెలెస్తె అవ్వ లేదు. అర్మోదియో వాళ్ళమ్మ గరిటతో న్యోక్కోలు తిప్పుతూ కనపడ్డాడు.

ఆర్జియా నా పక్కన కూర్చుని, గ్లాసు నింపి, నెమ్మదిగా అంది. "ఆ రోజు నువ్వు నేర్పింది నాలుగు వందల పన్నెండు మందికి. నాకూ కలిపి. నీతో కలిపితే నాలుగు వందల పదమూడు."

నేను చేతిలోని న్యోక్కో పళ్ళెంలో పెట్టేశాను.

"నాకు పడ్డవి నాలుగు వందల పన్నెండు" అంది. "మా ఆయన చీటీ ప్రకారమే వేశాడు, వాడి సంగతి ఇంట్లో ఎప్పుడో తేల్చేశా. మిగతా మగాళ్ళ సంగతి తెలిసిందే. కాబట్టి ఒకటి తగ్గింది."

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"లెక్కపెట్టిన రోజునే."

"ఇరవై నాలుగేళ్ళు ఎందుకడగలేదే?"

"నీ వంతు వస్తుంది కదాని చూస్తున్నా."

ఆ రోజు ఓటు గదిలో నేనూ చీటీ చూశాను. చెయ్యి పదిహేడు వైపు వెళ్ళింది. పదిహేడు నాకిస్తానన్న నంబరు. వద్దని కత్తెర పట్టుకున్నదాన్ని నేనే, అయినా రెండో తరగతి చదివిన ఆర్జియా జాబితాలో ఉంది, ఐదు చదివిన నేను లేను. ఆ కుళ్ళుకి క్రమశిక్షణ అని పేరు పెట్టుకుని రెండు, ఎనిమిది, పదకొండు, ఇరవై, ముత్యాల్లాంటి అంకెలు వేసి వచ్చాను. కాలవ దగ్గర నేను వంగి బురద తుడుచుకున్నది అందుకే.

"లే" అంది ఆర్జియా. మోచేత్తో పొడిచింది. "లేవే పాఠాలమ్మాయ్."

లేచాను. బట్టలుతికే రాయి మీదికి ఎక్కాను. అరవై ఏళ్ళ మోకాళ్ళు, ఇద్దరు పట్టుకోవాల్సొచ్చింది. అకార్డియన్ ఆగింది. అందరూ నావైపు తిరిగారు. అర్మోదియో గరిట పైకెత్తి, "ఎవరూ అడ్డు తగలకండి, నియమం!" అని అరిచాడు.

"కామ్రేడ్స్" అన్నాను. "నేను ఈరిదెని. యాభై ఒకటిలో ఈ పేటల్లో ఆడవాళ్ళందరిలోకీ సరిగ్గా ఓటేసింది నేనొక్కదాన్నే. అదే నా తప్పు."

మంత్రసాని చేతికర్రతో నేల మీద కొట్టి, నాకంటే నాలుగు వందల మంది ముందున్నారనీ, వాళ్ళవి అవ్వకుండా నా ఆత్మవిమర్శ చెల్లదనీ, యాభై తొమ్మిదో మనిషి ఎక్కడుందో వెంటనే లేచి మొదలుపెట్టాలనీ గట్టిగా కేకలేసింది. మూడో బల్ల దగ్గర ఒకావిడ నోరు తుడుచుకుని లేచి నిలబడింది. ఆర్జియా నన్ను రాయి మీంచి దింపి, పగిలిన అరచేత్తో నా మెత్తటి చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది, సాయంత్రమంతా వదల్లేదు.